మడమలు పగిలితే ఏం చేయాలి: రాయికి పని తగ్గించండి, తడికి పని చెప్పండి

మందుల దుకాణం కౌంటరు వెనక నిలబడేవాళ్ళకు చలికాలం వచ్చిందని క్యాలెండరు చూడకుండానే తెలుస్తుంది. కార్తీకం దాటిన నాటి నుంచి రోజుకు నలుగురైదుగురు వచ్చి ఒకటే మాట అంటారు: "మడమలు పగిలాయండీ, మంచి క్రీము ఒకటి ఇవ్వండి." ఇస్తాను. పది రోజులకు మళ్ళీ వస్తారు. "అది పని చేయలేదండీ, ఇంకో రకం ఇవ్వండి." ఎలా రాశారని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఒకరు పొడి కాలికి రాసి, వెంటనే చెప్పులు లేకుండా ఇల్లు తుడిచారు. ఇంకొకరు రాయితో ఎర్రబడేదాకా తోమి, ఆ మంట మీద నిమ్మచెక్క రుద్ది, ఆపైన క్రీము పూశారు. క్రీము మాత్రం ఏం చేస్తుంది పాపం.

కౌంటరు దగ్గర రెండు నిమిషాల్లో చెప్పలేనిది ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఖర్చు పెద్దగా ఉండదు. ఓపిక మాత్రం నాలుగు వారాలు కావాలి.

పగులు ఎందుకు వస్తుంది

మురికి వల్ల కాదు. ఈ ఒక్క అపోహ పోతే సగం తప్పులు ఆగిపోతాయి.

చర్మంలో పైన ఉండేది బాహ్యచర్మం, దాని కింద అంతశ్చర్మం, ఇంకా కింద కొవ్వు పొర. బాహ్యచర్మం కనురెప్ప మీద సుమారు 0.05 మిల్లీమీటర్లు ఉంటే అరికాలిలో 1.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అందులో పైభాగమంతా చనిపోయిన కణాలే, గోడలో ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సున్నంలా ఉండే కొవ్వు పదార్థం లోపలి తడిని బయటికి పోనివ్వదు. ఒంట్లో మిగతా చోట్ల నూనె గ్రంథులు ఆ పైపొరను మెత్తగా ఉంచుతాయి. అరచేతుల్లో, అరికాళ్ళలో ఆ గ్రంథులు ఒక్కటి కూడా లేవు. చెమట గ్రంథులు మాత్రం దండిగా ఉన్నాయి. అంటే మడమకు సొంత నూనె లేదు, మీరు రాస్తేనే ఉంటుంది.

ఇక పగిలే తీరు చూడాలంటే జొన్నరొట్టె చేసేటప్పుడు గమనించండి. నీళ్ళు తక్కువైన పిండిముద్దను అరచేత్తో ఒత్తితే మధ్యలో బాగానే ఉంటుంది, అంచులు విచ్చుకుంటాయి. మడమ కూడా అంతే. నిలబడగానే ఒంటి బరువుకు మడమ కింది కొవ్వు దిండు పక్కలకు పరుచుకుంటుంది. చుట్టూ ఉన్న చర్మం సాగాలి. తడి ఉంటే సాగుతుంది, లేకపోతే అంచు వెంబడి చీలుతుంది. వెనక పట్టీ లేని చెప్పులు వేసుకునేవారికి, రోజంతా నిలబడే పని చేసేవారికి, బరువు ఎక్కువున్నవారికి ఎక్కువగా పగలడం ఇందుకే. నాట్ల సమయంలో పగలంతా బురదలో నాని, సాయంత్రం గట్టు మీద ఎండే కాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ముందుగా: ఇంట్లో చేసుకోకూడనివారు

మధుమేహం ఉన్నవారు కింది పద్ధతిలో నానబెట్టడం, రుద్దడం అసలు చేయవద్దు. వారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. నీళ్ళు కాలుతున్నా, రాయి కోస్తున్నా తెలియదు. చెమట కూడా తగ్గి పాదాలు మరింత ఎండుతాయి. పగులు లేకుండా గరుకుగా మాత్రమే ఉంటే ఉదయం, రాత్రి క్రీము రాసుకోవచ్చు. చిన్న పగులు కనిపించినా వైద్యునికి చూపించాలి. రోజూ రాత్రి చేతి అద్దం నేల మీద పెట్టి అరికాలు చూసుకునే అలవాటు వారికి ఏ క్రీముకన్నా విలువైనది.

మిగతావారు కూడా చీము, చుట్టూ పాకుతున్న ఎర్రదనం, వాపు, వేడి, జ్వరం ఉంటే ఇది చదవడం ఆపి వైద్యుని దగ్గరికి వెళ్ళండి. కాళ్ళకు రక్తప్రసరణ సరిగా లేదని ఇదివరకే చెప్పించుకున్నవారూ అంతే.

కావలసినవి

యూరియా 10 నుంచి 20 శాతం ఉన్న పాదాల క్రీము, ట్యూబు మీద శాతం అచ్చు వేసి ఉంటుంది. ఒక డబ్బా పెట్రోలియం జెల్లీ, అంటే మనం కంపెనీ ఏదైనా వ్యాజలీన్ అని పిలిచేది. కాళ్ళు రుద్దుకునే నురగరాయి. మడమలు మునిగేంత టబ్బు. రెండు జతల వదులైన నూలు సాక్సులు. పాత మెత్తని తువ్వాలు. లోతైన పగుళ్ళుంటే ఆసుపత్రుల్లో వాడే కాగితపు టేపు ఒక చుట్ట.

యూరియా అనగానే చాలామంది నన్ను అనుమానంగా చూస్తారు. ఒక పెద్దాయన అడిగేశారు కూడా: "మా ఇంట్లో బస్తా ఉంది, అందులోంచి చెంచాడు కలుపుకోమంటారా?" వద్దు. రసాయనం అదే, నిజమే. మన చర్మంలో కూడా సహజంగా కొంత యూరియా ఉంటుంది, తడిని పట్టి ఉంచేవాటిలో అదొకటి. కానీ పొలంలో చల్లేది చర్మం కోసం శుద్ధి చేసింది కాదు. పైగా 2015 నుంచి దానికి వేపనూనె పూత కూడా వేస్తున్నారు. చెంచాతో కొలిస్తే ఎంత శాతమో కూడా తెలియదు. బస్తాను పొలానికే వదిలేయండి.

యూరియా క్రీము దొరకకపోతే? కొబ్బరినూనె, ఆముదం, నువ్వులనూనె, ఏదైనా పనికొస్తుంది. ఇవి తడిని లాగిపట్టవు, ఉన్న తడిని కాపాడతాయి అంతే. కాబట్టి నానబెట్టిన కాలికి మాత్రమే రాయాలి. ఫలితం కొంచెం నెమ్మదిగా వస్తుంది.

ఇక పని మొదలు

1. పగటి వెలుతురులో మడమను బాగా చూడండి. పసుపు, పారాణి ఉంటే ముందు కడిగేయండి, ఆ రంగు కింద ఎర్రదనం కనిపించదు. చూడవలసింది ఒకటే, పగులు ఎంత లోతు ఉంది? బాహ్యచర్మంలో రక్తనాళాలు లేవు. అందుచేత పగులు అడుగున పొడిగా, తెల్లగా ఉంటే అది పైపొరలోనే ఉంది. ఎర్రగా కనిపించినా, రక్తం వచ్చినా పగులు అంతశ్చర్మాన్ని తాకింది. అటువంటి పగులు ఉంటే రాయి పని ఇప్పుడే వద్దు, 3వ మెట్టు వదిలేసి, 6వ మెట్టులోని టేపు పద్ధతి కలుపుకోండి. ఇదే సమయంలో ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచండి, తరువాత అవసరం పడుతుంది.

2. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ళలో 10 నుంచి 15 నిమిషాలు నానబెట్టండి. వేడి సరిగా ఉందో లేదో మోచేత్తో చూడండి, చంటిపిల్ల స్నానానికి చూసినట్టు. సలసల కాగే నీళ్ళు చర్మంలోని ఆ కొవ్వును కూడా కరిగించి పట్టుకుపోతాయి. ఉప్పు, షాంపూ, వంటసోడా, డెట్టాల్ ఏవీ కలపనక్కర్లేదు. సబ్బుది క్షారగుణం, దాని పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 కన్నా తక్కువైతే ఆమ్లం) సాధారణంగా 9 నుంచి 10. చర్మానిది 5 దగ్గర, అంటే కొంచెం ఆమ్లగుణం. మడమ మురికిగా ఉంటే ఒకసారి సబ్బు రాసి వెంటనే కడిగేయండి, సబ్బు నీళ్ళలో నానబెట్టకండి. అరగంట నానితే ఇంకా మంచిదని కూడా అనుకోవద్దు. ఎక్కువసేపు నానిన చర్మం తరువాత మరింత ఎండుతుంది.

3. వారానికి రెండు రోజులే రుద్దండి. రోజూ కాదు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రాయిని కూడా తడపండి. ఒకే దిశలో, పగులు వెంబడి, తేలికగా లాగండి. పగులుకు అడ్డంగా లాగితే దాని పెదవులు లేచి ఇంకా విచ్చుకుంటాయి. ఒక్కో మడమకు రెండు నిమిషాలు మించకండి. వేలితో తాకితే తెల్లని పిండిలాంటిది ఊడి వస్తుంటే సరిపోయింది. గులాబీ రంగు చర్మం కనిపించినా, కొంచెం చురుక్కుమన్నా మీరు హద్దు దాటారు. చర్మానికి రాపిడి అంటే దాడి. దాడి జరిగిన చోట అది ఇంకా దళసరిగా పెరుగుతుంది. తాళ్ళు లాగేవారి అరచేతులు కాయలు కాసేది ఇందుకే. రోజూ కసిగా తోమే మడమ కూడా అదే పని చేస్తుంది. తోమినకొద్దీ దళసరెక్కడం, దళసరెక్కిందని మళ్ళీ తోమడం. ఈ చక్రంలో పదేళ్ళుగా తిరుగుతున్నవారు నాకు తెలుసు.

బ్లేడు, కత్తెర, జల్లెడలాంటి ఇనుప పట్టీలు వాడవద్దు. రాయి ఎవరిది వారిదే. వాడాక కడిగి ఎండలో ఆరబెట్టండి, తడి బాత్రూములో మూల పడేస్తే అందులో ఏమేమి పెరుగుతాయో అనవసరం.

4. తువ్వాలుతో అద్దండి, తుడవకండి. కాలు పూర్తిగా ఆరకముందే, మూడు నిమిషాల లోపు క్రీము రాయాలి. ఒక్కో మడమకు బఠాణీ గింజ రెండింతలు. పగులు లోపలికి కూరకండి, చుట్టూ రాసి మెల్లగా లోపలి అంచులదాకా తీసుకురండి. విచ్చుకున్న పగులు మీద యూరియా కాసేపు మండుతుంది. ఒక నిమిషంలో తగ్గితే పరవాలేదు. తగ్గకపోతే కడిగేసి, ఆ పగులు మూసుకునేదాకా అక్కడ వ్యాజలీన్ మాత్రమే వాడండి. వేళ్ళ సందుల్లో మాత్రం ఏదీ రాయవద్దు. అక్కడ ఎప్పుడూ తడి ఎక్కువే, రాస్తే ఒరిసి తామర పడుతుంది.

5. క్రీము మీద వ్యాజలీన్ పలుచగా పూసి సాక్సులు వేసుకోండి. యూరియా తడిని పట్టుకుంటుంది, వ్యాజలీన్ మూత పెడుతుంది. 1872లో అమెరికాలో చెస్‌బ్రో అనే రసాయన శాస్త్రవేత్త దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎన్ని కొత్త క్రీములు వచ్చినా మూత పెట్టే పనిలో దాన్ని మించింది దాదాపు లేదు.

రెండు జాగ్రత్తలు. వ్యాజలీన్ పూసిన కాలితో టైల్స్ మీద నడిస్తే జారుతుంది. పెద్దవారైతే రాత్రి బాత్రూముకు వెళ్ళి వచ్చాకే రాసుకోవాలి, మళ్ళీ లేవవలసి వస్తే చెప్పులు మంచం పక్కనే ఉండాలి. రెండోది, వ్యాజలీన్ పీల్చుకున్న గుడ్డకు నిప్పు తొందరగా అంటుకుంటుంది. ఆ సాక్సులతో పొయ్యి దగ్గరికి, కుంపటి దగ్గరికి పోవద్దు.

సాక్సులు వేసుకుంటే ఉక్కపోస్తుందనేవారు వేళ్ళ వైపు కత్తిరించేయండి. మడమ మూసి ఉంటే చాలు.

6. లోతైన పగులు ఉన్నవారికి. నడిచిన ప్రతిసారీ పగులు తెరుచుకుంటూ ఉంటే లోపల పూడే అవకాశమే రాదు. ఉదయం పగులులో కొద్దిగా వ్యాజలీన్ పెట్టి, చుట్టుపక్కల చర్మాన్ని మాత్రం పొడిగా తుడవండి. రెండు పెదవులను వేళ్ళతో దగ్గరికి తెచ్చి, కాగితపు టేపు ముక్కలు రెండో మూడో పగులుకు అడ్డంగా అంటించండి. తడిస్తే మార్చండి. నొప్పి ఆ రోజే సగం తగ్గుతుంది. ఇంట్లో సామాను అతికించే జిగురు పోసుకునేవారిని కూడా చూశాను, దయచేసి ఆ పని చేయకండి. లోపలి మురికితో సహా అతుక్కుపోతుంది.

7. ఉదయం స్నానం కాగానే మరోసారి క్రీము. తరువాత వెనక మడమను పట్టి ఉంచే చెప్పులు వేసుకోండి, ఇంట్లోనూ వేసుకోండి. గ్రానైటు, టైల్స్ నేల మీద రోజంతా ఒట్టి కాళ్ళతో తిరిగే ఇల్లాలి మడమకు పొలం పనికి వెళ్ళే మడమకు పెద్ద తేడా ఉండదు. ధనుర్మాసంలో ముగ్గు వేయడానికి తెల్లవారకముందే చల్లటి తడి వాకిట్లో దిగేవారు ముందు మడమలకు వ్యాజలీన్ పూసుకుని, పాత రబ్బరు చెప్పులతో దిగండి. సంక్రాంతి నాటికి తేడా మీకే తెలుస్తుంది. చలి దేశాల్లో ఉన్న మనవాళ్ళకు బయటి మంచుకన్నా ఇంట్లో హీటరు గాలే ఎక్కువ శత్రువు. వారు చలికాలం మొదలుకాకముందే రాత్రి పూత ప్రారంభించాలి.

నానబెట్టడం మొదటి వారం రోజూ చేయవచ్చు. తరువాత వారానికి రెండుసార్లు చాలు. క్రీము మాత్రం రోజూ రెండు పూటలా.

చాలామంది చేసే తప్పులు

వారం రోజులకే ఆపేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. బాహ్యచర్మం అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, వయసు పెరిగినకొద్దీ ఇంకా ఎక్కువ. నిన్న మొదలుపెట్టిన సంరక్షణలో పుట్టిన చర్మం వచ్చే నెల గాని మీ మడమ మీద కనిపించదు. మూడో రోజు మెత్తబడింది కదా అనిపిస్తుంది, అది పాత చర్మం నీళ్ళు తాగడం మాత్రమే.

నిమ్మరసం ఆమ్లం, వంటసోడా క్షారం. ఒకదాని తరువాత ఒకటి పుండు మీద వేయడం ఏ లెక్కన వైద్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. జిల్లేడు పాలు అసలే వద్దు. అవి చర్మాన్ని పుండు చేస్తాయి, ఆ వేలు కంట్లో తగిలితే కన్నుకే ప్రమాదం. మర్రిపాల మాట వేరు. మన పెద్దలు పగుళ్ళలో మర్రిపాలు పెట్టేవారు, అవి ఆరి సన్నటి పొరలా పగులును మూస్తాయి. వాడేవారు శుభ్రమైన పగులుకే వాడండి, దద్దురు వస్తే ఆపేయండి. కొవ్వొత్తి మైనం కరిగించి కొబ్బరినూనెలో కలిపి రాసే చిట్కా కూడా ఈ కోవలోదే. ఆ మైనం వ్యాజలీన్‌కు చుట్టమే, కాబట్టి సూత్రం సరైనదే. పొయ్యి మీద నుంచి దించి వేడివేడిగా కాలి మీద పోసుకోవడమే పొరపాటు. డబ్బాలో తయారుగా దొరికేదానికి కాళ్ళు కాల్చుకోవడం ఎందుకు?

ఆనెలకు అంటించే ప్లాస్టర్లను మడమకు వేయడం ఇంకొక తప్పు. వాటిలో సాలిసిలిక్ ఆమ్లం బాగా గాఢంగా ఉంటుంది, మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. మడమ మరీ చెక్కలా దళసరిగా ఉండి, పగుళ్ళు లేకపోతే, 25 శాతం యూరియా గాని 6 శాతం సాలిసిలిక్ ఆమ్లం గాని ఉన్న క్రీమును రెండు వారాలపాటు రాత్రిపూట వాడవచ్చు. సాలిసిలిక్ ఆమ్లం పిల్లలకు, మధుమేహం ఉన్నవారికి వద్దు.

ఇక పక్కింటివారికి తగ్గిందని తెచ్చుకునే ట్యూబులు. స్టెరాయిడు, తామర మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబును "అన్నిటికీ పనిచేసేది" అని అడుగుతారు. అది రాస్తే రెండు రోజుల్లో దురద ఆగుతుంది. లోపల తామర ఉంటే మాత్రం హాయిగా విస్తరిస్తుంది. ఎక్కువకాలం వాడితే చర్మం పలచబడుతుంది. వైద్యుడు చూసి రాసిస్తే తప్ప తీసుకోకండి. ఇవ్వలేదని నాతో పోట్లాడి వెళ్ళినవారున్నారు, ఫరవాలేదు.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

అద్దంలో చూసి సంతోషపడటం కన్నా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. పాత నూలు చీరో, షిఫాన్ చున్నీయో తీసుకుని పొడి మడమ మీదుగా నెమ్మదిగా లాగండి. పని మొదలుపెట్టిన రోజు దారాలు పట్టుకుని చిర్రుమని శబ్దం వస్తుంది. ఉదయం, క్రీము రాయకముందు, వారానికోసారి ఇలా లాగి చూడండి. రెండో వారానికి దారం ఒకటి రెండు చోట్లే తగలాలి. నాలుగో వారానికి గుడ్డ జారిపోవాలి. రాత్రి దుప్పటికి మడమ గీసుకునే ఆ గరగర ఆగిపోయిందంటే కూడా అదే గుర్తు.

మొదటి రోజు తీసిన ఫోటో పక్కన 7, 14, 28వ రోజుల ఫోటోలు అదే కిటికీ దగ్గర, అదే కోణంలో తీసి పెట్టండి. పగులు పొడవు కాదు, దాని అంచులు చూడండి. పసుపు పచ్చగా గట్టిగా లేచి ఉన్న అంచులు చదునైతే దారిలో ఉన్నట్టే. గీత చివరగా పోతుంది. రక్తం వచ్చే పగులు వారంలోగా మూసుకోవడం మొదలుపెట్టకపోతే ఇంట్లో ఆగవద్దు.

నాలుగు వారాలు నిజాయితీగా చేసినా మార్పు లేకపోతే అది మామూలు పొడిదనం కాకపోవచ్చు. ఒక కాలు మాత్రమే ఎక్కువగా పగిలిందా? అరికాలంతా పిండి చల్లినట్టు పొట్టు ఊడుతోందా? వేళ్ళ సందుల్లో తెల్లగా నాని దురద పెడుతోందా? గోరు దళసరెక్కి పచ్చబడిందా? ఇవి తామర లక్షణాలు. వైద్యులు ఆ పొట్టును కొద్దిగా గీకి, పొటాషియం హైడ్రాక్సైడు చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు, చిన్న పరీక్షే. అరికాలంతా పట్టిన తామరకు పైపూతతో పాటు మాత్రలు కూడా అవసరం కావచ్చు. అరచేతులు కూడా అలాగే పగులుతుంటే, మోచేతుల మీద వెండి పొలుసుల్లాంటి మచ్చలుంటే సోరియాసిస్ కావచ్చు. పగుళ్ళతో పాటు నీరసం, బరువు పెరగడం, చలి తట్టుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించమంటారు. పాదాలు కొత్తగా పగులుతూ, దాహం, మాటిమాటికీ మూత్రం ఉన్నవారు చక్కెర పరీక్ష చేయించుకోవాలి.

తగ్గినవారికి ఒక మాట. డబ్బా అటక మీద పెట్టేయకండి. వేసవిలో వారానికి మూడు రాత్రులు, చలికాలంలో ప్రతి రాత్రి, దిండు పక్కనే ఉంచుకుని రాసుకోండి. రాయి మాత్రం నెలకు రెండుసార్లు బయటికి వస్తే చాలు.